తాగుడు, గంజాయి, మత్తు బిళ్లలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మాన్పించే పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడిదాకా సాగించాలి

ఇంట్లో ఒకరు తాగుడుకో గంజాయికో బానిసైతే మన వైపు సాధారణంగా జరిగేది ఇదీ. ఏళ్ల తరబడి దాచిపెడతారు. ఒకరోజు గొడవ పెద్దదయ్యాక ఎవరో చెప్పిన సెంటరుకు ఫోన్ చేసి, అప్పో సొప్పో చేసి మూడు నెలల ప్యాకేజీ కడతారు. మనిషి తేరుకుని, కాస్త ఒళ్లు చేసి ఇంటికొస్తాడు. నెల తిరక్కుండానే మళ్లీ మొదలు. వీడిక మారడులే అని ఇంట్లోవాళ్లు చేతులెత్తేస్తారు. లోపం చాలాసార్లు చికిత్స వరసలోనే ఉంటుంది. ఒంట్లోంచి మత్తు దిగడానికి పట్టేది వారం, పది రోజులు. దాని జోలికి పోకుండా నిలబడటానికి ఏడాది, రెండేళ్లు కావాలి. డబ్బూ ఓపికా అంతా తాళం వేసిన గదికే ధారపోస్తే ఆ తర్వాతి ఏడాదికి చేతిలో ఏమీ మిగలదు.

ముందు ఒక వారం లెక్క

ఆసుపత్రిలో మొదట అడిగేది ఎంత తాగుతాడని. మనం చెప్పేది "బాగా తాగుతాడండీ" అని. ఆ మాట పట్టుకుని ఏ డాక్టరూ మోతాదు వేయలేడు. ఓ వారం పాటు నోటుబుక్కులో మూడు విషయాలు రాయండి: ఏం తీసుకున్నాడు, ఎంత, రోజులో మొదటిసారి ఎన్ని గంటలకు. మూడోది మిగతా రెండింటికంటే ముఖ్యం. రాత్రిపూట రెండు క్వార్టర్లు తాగినా పొద్దున లేచి ఏమీ ముట్టకుండా పనికి పోయేవాడు ఒక రకం. రోజుకు ఒకే క్వార్టరైనా, పొద్దున ఆరింటికి కట్టింగ్ పడితేగాని బ్రష్ పట్టుకోలేనివాడు వేరు. ఈ రెండోవాడి మీద ఇంట్లో సొంతంగా మాన్పించే ప్రయత్నం చేయకూడదు.

లెక్క ఇలా వేయండి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్, విస్కీ అయినా బ్రాందీ అయినా, 42.8 శాతం బలమైతే అందులో అసలు ఆల్కహాల్ 60 గ్రాముల పైమాటే. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 40 గ్రాములు. అంటే "బీరే కదా" అని రోజూ రెండు సీసాలు లాగించేవాడు క్వార్టర్ వాడికంటే ఎక్కువే పుచ్చుకుంటున్నాడు. నాటుసారాకు ఈ లెక్క పనికిరాదు, కాపు కాపుకూ బలం మారిపోతుంది. ఎన్ని గ్లాసులో, ఏ ఊరి సరుకో రాస్తే చాలు.

బిళ్లల సంగతైతే ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా ఓ కవర్లో వేసి ఉంచండి. దిండు కింద, బండి డిక్కీలో, బాత్రూం వెంటిలేటర్ మీద దొరుకుతాయి. దొరికిన వెంటనే గొడవకు దిగితే తర్వాతి స్ట్రిప్పు మీ కంటపడదు.

ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుంది

రోజూ తాగే మనిషికి ఆఖరి గుక్క పడిన 6 నుంచి 8 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి అసలు గండం. లేని పురుగుల్ని చేతులమీంచి దులుపుకుంటారు, గోడమీద ఎవరో నడుస్తున్నారంటారు, పక్కనే కూర్చున్న భార్యను గుర్తుపట్టరు, ఒళ్లు కాలిపోతుంది. గాలి సోకిందని, ఎవరో ఏదో చేశారని తాయెత్తు కట్టించేది సరిగ్గా ఈ గంటల్లోనే. దీన్ని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. రెండో రోజు సాయంత్రానికి వణుకు కాస్త తగ్గిందని కాపలా ఎత్తేయకండి. మూడో రాత్రి, నాలుగో రాత్రి దాటాలి.

ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, మతి తప్పినవాళ్లు, 60 దాటినవాళ్లు, కామెర్లు గానీ కడుపులో నీరు గానీ ఉన్నవాళ్లు, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, చచ్చిపోతానని అంటున్నవాళ్లు: వీళ్లకు వార్డులో ఉంచే మత్తు దించాలి. మిగతావాళ్లకు, ఇంట్లో పగలూ రాత్రీ కనిపెట్టుకునే మనిషి ఉంటే, డాక్టరు ఇంటి దగ్గరే మందులిచ్చి ఒకటి రెండు రోజులకోసారి చూసే వీలుంటుంది. వాడేది ఎక్కువగా క్లోర్‌డయాజెపాక్సైడ్ లేదా డయాజెపామ్, లివర్ బాగా దెబ్బతిని ఉంటే లోరాజెపామ్. మొదట ఎక్కువిచ్చి వారం, పది రోజుల్లో మెల్లగా తగ్గిస్తూ ఆపేస్తారు. ఎవరికో రాసిన చీటీ మెడికల్ షాపులో చూపించి ఇవే బిళ్లలు తెచ్చి పెట్టడం మనవైపు మామూలే. ఆ బిళ్ల మీద మళ్లీ క్వార్టర్ పడితే ఊపిరి మందగించి నిద్రలోనే పోవచ్చు. తాగుడు పోయి బిళ్ల మిగిలిన ఇళ్లూ ఉన్నాయి.

సెలైన్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పల్లెల్లో మొదట జరిగేది అదే. నాలుగు రోజులు తిండి తినకుండా తాగి పడిపోయిన మనిషికి ఊళ్లో ఆర్ఎంపీ గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాడు. ఏళ్ల తరబడి తాగే ఒంట్లో థయమిన్, అంటే విటమిన్ బి1, అడుగంటి ఉంటుంది. గ్లూకోజును వాడుకోవడానికి శరీరానికి బి1 కావాలి. ఉన్న కాస్తా దానికి ఖర్చైతే మెదడు దెబ్బతింటుంది. కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, తూలుతూ నడవడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం దాని గుర్తులు. తాగి ఉండటం వల్లే అలా ఉన్నాడనుకుని వదిలేస్తారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది, పొద్దున ఏం తిన్నాడో మధ్యాహ్నానికి చెప్పలేడు. అందుకే ఎవరు గ్లూకోజు పెడుతున్నా "ముందు బి1 ఇంజెక్షన్ చేశారా?" అని అడగండి. బాటిల్లో ఏదో కలిపితే పసుపుపచ్చగా మారింది కదా అని సరిపెట్టుకోవద్దు, ఆ కలిపిన దాంట్లో ఉండే బి1 ఇలాంటివాళ్లకు చాలదు. షుగరు పడిపోయి స్పృహ లేకపోతే మాత్రం గ్లూకోజు ఆపకూడదు, రెండూ వెంటవెంటనే పడాలి.

సరుకు దొరక్కపోతే వాళ్లంతట వాళ్లే మానేస్తారన్న ఆలోచన ఎక్కడికి దారితీస్తుందో ప్రకాశం జిల్లా చూసింది. 2020 జులై చివర్లో, లాక్‌డౌన్‌కు మద్యం దుకాణాలు మూసేసి ఉన్న కురిచేడులో, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఎవరైనా శానిటైజర్, స్పిరిట్, అనుమానం ఉన్న సారా తాగినట్టు తెలిస్తే, కళ్లు మసకబారాయని అనేదాకా ఆగకండి. మిథనాల్ అయితే చూపు, ప్రాణం రెండూ పోతాయి, గుర్తులు బయటపడటానికి అరరోజు నుంచి ఒక రోజు కూడా పట్టొచ్చు. దుకాణం మూయించడం వేరే పోరాటం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో ఆ పోరాటం చేసి చూపించారు, 1993లో సారా నిషేధం దాకా తెచ్చారు. మూతపడ్డ దుకాణం ముందు వణుకుతూ నిలబడ్డ మనిషికి మాత్రం ఆసుపత్రే కావాలి.

ఇంకో మాట. కార్తీకం వస్తే అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ముట్టనివాళ్లు మనలో బోలెడుమంది. నిజానికి అది మంచి అవకాశమే, వాడుకోవడం తెలియాలి. పొద్దున్నే తాగే మనిషైతే మాల వేసుకోవడానికి పది రోజుల ముందే డాక్టరు దగ్గర మందులతో మత్తు దించుకోవాలి. లేకపోతే మాల పడిన రెండో రోజు పీఠం దగ్గరే ఫిట్స్ రావచ్చు. ఇక మాల తీసేసి ఇంటికొచ్చే రోజు అన్నిటికంటే ప్రమాదం. ఆ వారంలో డాక్టరు అపాయింట్‌మెంట్ ముందుగానే ఖాయం చేసి పెట్టుకోండి.

రమ్మని ఎలా అడగాలి

రాత్రి తాగి వచ్చినప్పుడు అడిగితే గొడవ. పొద్దున వణుకుతో చిరాగ్గా ఉన్నప్పుడు అడిగితే కసురు. స్నానం చేసి టిఫిను తిన్నాక, పిల్లలు స్కూలుకు పోయాక, ఒకరో ఇద్దరో కూర్చుని అడగండి. పెద్దమనుషుల్ని పిలిచి పంచాయితీ పెడితే పరువు పోయిందని ఇంకో క్వార్టర్ తాగుతాడు. భార్య మాటకంటే మేనమామ మాటో, బావమరిది మాటో చెవికెక్కే ఇళ్లు ఎక్కువ. ఎవరి మాట వింటాడో వాళ్లే మాట్లాడాలి, అదీ కళ్లకు కనబడ్డ సంగతి పట్టుకుని: "బావా, నిన్న పొద్దున కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నా సగం లుంగీ మీద పోసుకున్నావు. మానేయమని నేనడగట్లా. ఆ వణుకు ఎందుకొస్తోందో ఒకసారి చూపించుకొద్దాం, పొద్దున బస్సుకు నేనూ వస్తా." ఒప్పుకున్న మర్నాడే బయల్దేరాలి. వచ్చే సోమవారం మంచిరోజు అంటే ఆ సోమవారం రాదు.

అస్సలు రానంటే మీరొక్కరే వెళ్లండి. సైకియాట్రీ ఓపీలో కుటుంబసభ్యులు వచ్చి సలహా అడగడం కొత్తేం కాదు.

ఎక్కడికి

నెల్లూరులోనూ ఒంగోలులోనూ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. సైకియాట్రీ ఓపీ అని అడిగి పొద్దున్నే చీటీ రాయించుకోండి. ఫోన్లో ముందు మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, ఏ టైములోనైనా తెలుగులో మాట్లాడతారు. గిద్దలూరు, కనిగిరి, ఉదయగిరి లాంటి దూరపు ఊళ్లవాళ్లకు ఇది ఎక్కువ ఉపయోగం. ప్రభుత్వ సాయంతో నడిచే ఉచిత పునరావాస కేంద్రం దగ్గర్లో ఎక్కడుందో తెలుసుకోవడానికి 14446. గంజాయి అమ్మకం మీద ఫిర్యాదుకు, మత్తు సరుకును అరికట్టే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972.

తీసుకెళ్లాల్సినవి: ఆధార్, వారం లెక్క రాసిన పుస్తకం, స్ట్రిప్పుల కవరు, పాత రిపోర్టులు, షుగరు బీపీ బిళ్లలు. లివర్ పరీక్ష, రక్తకణాలు, షుగరు, క్రియాటినిన్, సోడియం పొటాషియం, ఈసీజీ, కొందరికి కడుపు స్కానింగ్ రాస్తారు. ముందు రోజు రాత్రి నుంచి పూర్తిగా ఆపించి మార్కాపురం నుంచి ఒంగోలుకు బస్సులో కూర్చోబెడితే దారిలోనే ఫిట్స్ రావచ్చు. పొద్దున కొంచెం పుచ్చుకుని వచ్చి ఉంటే ఆ సంగతి, ఎంతో కూడా, ఓపీలో దాచకుండా చెప్పండి. రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, ఫిట్స్, మతి తప్పడం: వీటిలో ఏది కనబడ్డా ఓపీ టైము కోసం చూడొద్దు, 108కి చేసి అత్యవసర విభాగానికి తీసుకుపోవడమే.

గంజాయి, బిళ్లలు, సొల్యూషన్

గంజాయి మానినప్పుడు తాగుడులాగా ప్రాణం మీదికి రాదు. మొదటి రెండు మూడు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి చచ్చిపోవడం, చెమటలు మొదలై వారంలో ముదిరి రెండు వారాలకు సద్దుమణుగుతాయి. కొందరికి నిద్ర ఇంకా ఆలస్యంగా కుదురుతుంది. దీనికంటూ ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు, నిద్రకూ ఆందోళనకూ కొన్నాళ్లు సాయం చేస్తారు, మిగతాదంతా కౌన్సెలింగే. కాబట్టి "ఇంజెక్షన్‌తో గంజాయి మాన్పిస్తాం" అన్న బోర్డు కనిపిస్తే ఆగకుండా ముందుకు నడవండి.

కళ్లు ఎర్రబడటం, అర్ధరాత్రి తిండికి వెతుక్కోవడం చూసి పట్టేస్తామని తల్లిదండ్రులు అనుకుంటారు. అంతకంటే నమ్మదగ్గ గుర్తులు వేరే: చదువులో ఉన్నట్టుండి జారిపోవడం, పాత స్నేహితులంతా మాయమవడం, లెక్కకు తేలని డబ్బు. మూత్ర పరీక్ష గురించీ ఒకటి తెలుసుకోవాలి. రోజూ పీల్చినవాడికి మానేసిన మూడు నాలుగు వారాలకూ పాజిటివ్ రావచ్చు. మానిన పదో రోజు పరీక్షలో పాజిటివ్ వచ్చిందని కుర్రాణ్ని అబద్ధాలకోరని కొడితే నిజంగా మానినవాడు మళ్లీ పోతాడు.

ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఫోన్లో చిప్ పెట్టారని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయని అంటే కౌన్సెలింగ్ కోసం చూడకుండా ముందు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి. గంజాయితో మొదలైన మానసిక జబ్బుకు మందులు వేరే, అవి నెలల తరబడి వాడాల్సి రావచ్చు.

కేసు భయంతో ఆసుపత్రికి రాని కుటుంబాలు చాలా. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చెబుతోంది. ఒకవేళ వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గరుంచుకున్నందుకో కేసే పడినా, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. బానిసైన మనిషి ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన చోట తనంతట తాను చికిత్సకు చేరి పూర్తిచేస్తే ఆ నేరానికి విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో వదిలేస్తే మినహాయింపు పోవచ్చు. అందుకే ఓపీ చీటీలు, డిశ్చార్జి సమ్మరీ ఒక్కటీ పారేయకూడదు. ఈ మినహాయింపు అమ్మేవాళ్లకు వర్తించదు.

ఇక బిళ్లలు. అల్‌ప్రజోలామ్, నైట్రజెపామ్ లాంటి నిద్రబిళ్లలు నెలల తరబడి మింగినవాడికి ఒక్కసారి ఆపితే తాగుడులాగే ఫిట్స్ రావచ్చు, వారాలు, నెలల మీద మెల్లగా తగ్గించాలి. ట్రమడాల్, టపెంటడాల్ లాంటి నొప్పి బిళ్లలది ఇంకో దారి. ఒళ్లు నొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం, ఆవలింతలు వారం పైన వేధిస్తాయి గానీ మామూలుగా ప్రాణం తీయవు. అసలు ముప్పు తర్వాత ఉంది. నెల రోజులు మానేసిన ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది. సెంటరు నుంచి బయటికొచ్చి పాత లెక్కనే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. కనుపాపలు సూదిమొనంత అయిపోయి, శ్వాస నెమ్మదించి, పిలిస్తే పలకకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి చేయండి, ఏం తీసుకున్నాడో చెప్పండి. నలోక్సోన్ ఇంజెక్షన్ పడితే తిరిగి లేస్తాడు, అయినా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, దాని ప్రభావం బిళ్ల ప్రభావం కంటే ముందే దిగిపోతుంది.

పంక్చరు సొల్యూషన్, వైట్‌నర్ గుడ్డలో పోసి పీల్చే పిల్లల్ని చూస్తే అరవొద్దు, తరమొద్దు. ఆ క్షణంలో భయపడి పరుగెత్తితే గుండె లయ తప్పి అక్కడికక్కడే కూలిపోవచ్చు.

సెంటరును ఎంచుకునేటప్పుడు

అందరికీ సెంటరు అక్కర్లేదు. ఇంట్లో ఆసరా ఉండి, ఓపీకి క్రమంగా వచ్చేవాడు బయటే ఉండి కోలుకోగలడు. రెండు మూడు సార్లు ఓపీ చికిత్స విఫలమైనా, ఇంట్లోనే తాగే మనిషి ఇంకొకరున్నా, ఉంటున్న గది స్నేహితులంతా గంజాయివాళ్లే అయినా లోపల ఉండి చేసే చికిత్స మేలు.

డబ్బు కట్టేముందు ఒకరు స్వయంగా వెళ్లి చూసి రావాలి, ఫోటోలు నమ్మొద్దు. మొదట రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదైన కాగితం అడగండి. సొసైటీ రిజిస్ట్రేషనూ ట్రస్టు కాగితమూ దానికి బదులు కావు. తర్వాత సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి నర్సు ఉంటారా, ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అని అడగండి. "మా దగ్గర అవేం రావండీ" అన్నారంటే అక్కడ మత్తు దించే పని చేయించకండి. అలాంటి చోటికైనా చేర్చాల్సి వస్తే ముందు వారం పది రోజులు ఆసుపత్రిలో దించాకే. గదికి ఎంతమంది, మరుగుదొడ్లు ఎన్ని, వంట ఎవరు చేస్తున్నారు చూడండి. చికిత్సకొచ్చినవాళ్ల చేత జీతం లేకుండా చాకిరీ చేయించకూడదు. గొలుసులు వేయకూడదు. గుండు గీయించడం తప్పనిసరి చేయకూడదు. ఇవి ఎవరి దయమీదో నడిచే విషయాలు కావు, 2017 చట్టంలో ఉన్నవే. లోపలున్న ఒకరిద్దరితో సిబ్బంది లేకుండా మాట్లాడనిస్తే సగం నిజం అక్కడే తెలిసిపోతుంది.

"మీరు అడ్రసు చెప్పండి, మావాళ్లు బండిలో వచ్చి ఎత్తుకొస్తారు" అనే చోటును వదిలేయండి. ఇష్టపడి చేరినవాడు వెళ్తానంటే పంపాలి. ఇష్టం లేకుండా చేర్చే పద్ధతికి చట్టంలో కొలతలున్నాయి: తనకో ఇతరులకో హాని చేసుకునే స్థితిలోనో, తన బాగోగులు చూసుకోలేని స్థితిలోనో ఉన్నాడని చేర్చే రోజో అంతకు ముందు వారంలోనో ఒక సైకియాట్రిస్టు, మరో మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించి తేల్చాలి, నామినీ, అంటే చట్టప్రకారం రోగి తరఫున ఉండే ప్రతినిధి, దరఖాస్తు పెట్టాలి, 30 రోజులు దాటితే మళ్లీ వేరే ప్రక్రియ. రోగి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. పద్ధెనిమిది నిండని పిల్లలకు నియమాలు ఇంకా కఠినం, పెద్దవాళ్లతో కలిపి ఒకే హాల్లో పడుకోబెట్టే చోట చేర్చకండి.

90 రోజులన్న అంకెలో మహిమ ఏమీ లేదు. ఒకరికి నెల చాలు, ఇంకొకరికి మూడు నెలలు. డబ్బు నెలనెలా కడతామనండి. మొత్తం ముందే కట్టమంటే, మధ్యలో తీసుకెళ్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. మొదటి రెండు వారాలు ఫోన్ చేయనివ్వకపోవడం కొన్నిచోట్ల నియమం. అయినా మీరు వెళ్లి చూస్తామంటే కాదనకూడదు. కుటుంబాన్ని కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయని సెంటరు సగం పనే చేస్తున్నట్టు.

సాంబారులో కలిపే బిళ్ల

"తెలియకుండా అన్నంలో కలిపిపెట్టండి, వారంలో మానేస్తాడు" అని ఆన్‌లైన్లోనూ సంతల్లోనూ అమ్మే పొడుల్లో ఏముందో చెప్పేవాడు లేడు. కొందరు నేరుగా డైసల్ఫిరామ్ బిళ్ల నూరి సాంబారులో కలుపుతారు. ఆ మందు లోపలుండగా తాగితే మొహం ఎర్రబడి, గుండెదడ, వాంతులు, బీపీ పడిపోవడం. గుండె బలహీనంగా ఉన్నవాడు చనిపోవచ్చు. డైసల్ఫిరామ్ మంచి మందే, తెలిసి, ఒప్పుకుని, ఆఖరిగా తాగి కనీసం 12 గంటలు గడిచాక, గుండె లివర్ పరీక్షలు చూసి వేసుకుంటేనే. ఆపేశాక కూడా రెండు వారాల వరకూ పనిచేస్తుంది. ఆల్కహాల్ కలిసిన దగ్గు సిరప్‌తో, పులియబెట్టిన అరిష్టాలూ ఆసవాలతో కూడా ఈ ప్రతిచర్య రావచ్చు. ఈ బిళ్ల మీదున్న మనిషికి అజీర్తని ద్రాక్షారిష్టం పట్టకండి. రోజూ పొద్దున కాఫీతో పాటు ఎదురుగా వేసుకోవడం, చూసినవాళ్లు క్యాలెండరులో గీత పెట్టడం, ఈ చిన్న ఏర్పాటుతోనే ఆ మందు నిలబడుతుంది.

తాగాలన్న ఆశ చంపే మందులు వేరే ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్ మామూలుగా రోజుకు 50 మిల్లీగ్రాములు, ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్లలు మానిన వారం పది రోజులలోపు వేస్తే ఒక్కసారిగా నొప్పులు విరుచుకుపడతాయి. అకాంప్రోసేట్ 333 మిల్లీగ్రాముల బిళ్లలు రెండేసి మూడు పూటలా, కిడ్నీ బాగుంటేనే. లివర్ చెడినవాళ్లకు బాక్లోఫెన్ వాడేవాళ్లున్నారు. ఏది ఎవరికన్నది డాక్టరు తేలుస్తారు. ఏదైనా ఆరు నెలల నుంచి ఏడాది మాట, నెలకు ఆపేస్తే ఖర్చు దండగ.

ఇంటికొచ్చాక మొదటి ఏడాది

డిశ్చార్జి రోజే తర్వాతి తేదీ రాయించుకోండి. మొదటి నెల వారానికోసారి, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకోసారి, ఆపైన ఏడాది దాకా నెలకోసారి చూపించుకుంటే నిలబడేవాళ్లు ఎక్కువ. తాగుడు మానినవాళ్లూ మానాలనుకునేవాళ్లూ కలిసి మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సమావేశాలు దగ్గర్లో ఉంటే వెళ్లనివ్వండి, ఫీజు ఉండదు.

పాత పనిలోకే పంపేముందు ఆ పని ఎలాంటిదో చూడాలి. రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా అంటే ఏరేటర్ల హోరులో ఒంటరిగా తెల్లవార్లూ మేలుకోవడం, అక్కడే షెడ్డులో సీసా. కనీసం మూడు నెలలు పగటి పనికి మార్చమని యజమానిని అడగండి. చీమకుర్తి క్వారీల్లో, కృష్ణపట్నం లారీల మీద పనిచేసేవాళ్లకు కూలి చేతికొచ్చే సాయంత్రం గండం. ఆ డబ్బు అతను ఒప్పుకుంటేనే, కొన్నాళ్లపాటు, ఇంకొకరి ఖాతాలో పడేలా చూడండి. బలవంతంగా లాక్కుంటే అప్పు చేస్తాడు. రైతు ఇంట్లో పొగాకు వేలం డబ్బు పడిన వారం, వడ్లు అమ్మిన వారం, రొయ్యల పట్టుబడి రోజు ఇదే లెక్క. పెళ్లిళ్లు, దినాలు, సంక్రాంతి ముందే క్యాలెండరులో గుర్తుపెట్టి, ఎవరితో వెళ్లాలి, ఎన్నింటికి తిరిగి రావాలి, ఎవరైనా గ్లాసు చేతిలో పెడితే ఏమనాలి అన్నది ఇంట్లోనే అనుకోండి. "లివర్‌కు మందులు వాడుతున్నా, డాక్టరు వద్దన్నాడు" అంటే మనవైపు ఎవరూ రెట్టించరు.

ఏ రోజో ఒకసారి తప్పుతాడు. తప్పాడని ఒప్పుకుంటే తిట్టకండి, మరునాడే ఓపీకి తీసుకెళ్లండి. ఒక్క రాత్రి తాగినవాడు తిరిగి నిలబడటం తేలిక. దాచిపెట్టి పది రోజులు తాగినవాణ్ని మళ్లీ మందులతో దించాల్సి వస్తుంది. డైసల్ఫిరామ్ వాడుతున్నవాడు తాగితే ఇంట్లో కూర్చోబెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏ బిళ్ల వేసుకున్నాడో చెప్పండి.

కొట్టడం మొదలుపెడితే అది చికిత్స విషయం కాదు. 112కి (పోలీసు) గానీ 181కి (మహిళల హెల్ప్‌లైన్) గానీ చేసి, పిల్లల్ని తీసుకుని ఆ రాత్రికి బయటికెళ్లిపోవాలి. బ్యాంకు పాసుపుస్తకాలు, ఆధార్‌లు, పిల్లల సర్టిఫికెట్లు, ఓ జత బట్టలు, చికిత్స కాగితాల జిరాక్సులు కలిపి ఒక సంచీ పక్కింట్లోనో పుట్టింట్లోనో ముందే పెట్టి ఉంచండి.